హార్మనీ పెట్టె నుంచి ప్రీసెట్ దాకా: దాచిన ధ్వనికి ఆత్మ ఉండాలా?

సంగీతం గురించి ఎక్కడ మాట వచ్చినా ఈ రోజుల్లో ఒక ఫిర్యాదు తప్పకుండా వినబడుతుంది. "ఇప్పుడు సంగీతం ఎక్కడుందండీ? కంప్యూటర్‌లో ఒక బటన్ నొక్కితే సితార్, ఇంకోటి నొక్కితే వేణువు. అన్నీ ముందే చేసిపెట్టిన శబ్దాలు. ఆత్మ లేదు" అంటారు. చదువుకున్నవాళ్లూ అంటారు, దేవుణ్ణి నమ్మనివాళ్లూ అంటారు. ఆత్మ అనే మాట గుడిలో వినబడితే ఆధారం అడిగే మనం, కచేరీ హాల్లో వినబడితే మాత్రం తల ఊపి ఊరుకుంటాం. ఎందుకు?

నేను పాటగాణ్ణి కాను. బీకాం చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఆరోపణ వస్తే దాన్ని పద్దులుగా విడగొట్టాలి, ఒక్కో పద్దుకూ వోచరు అడగాలి. నేనుంటున్న కలకత్తా నగరంలో ఈ ఆరోపణకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అది చూస్తే, కంప్యూటర్ మీద ఇవాళ వేస్తున్న నిందే ఒకప్పుడు మన హార్మనీ పెట్టె మీద పడిందని తెలుస్తుంది.

ప్రీసెట్ అంటే ఏమిటి?

ముందు మాట స్పష్టం చేసుకుందాం. కంప్యూటర్‌లో సంగీతం చేసే సాఫ్ట్‌వేర్‌లో ఒక వాద్యం ధ్వని ఎన్నో అంకెల మీద ఆధారపడుతుంది. స్వరం ఎంత వేగంగా మొదలవాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా ఆరిపోవాలి, గొంతు మెత్తగా ఉండాలా గరుకుగా ఉండాలా, ఇలా పదుల నుంచి వందల దాకా. కళాకారుడు గంటల తరబడి ఈ అంకెలను సర్ది తనకు కావలసిన ధ్వని రాబట్టాక, ఆ అంకెలన్నిటినీ ఒక పేరు పెట్టి దాచుకుంటాడు. రేపు ఆ పేరు పిలిస్తే అదే ధ్వని తిరిగి వస్తుంది. దాన్నే ప్రీసెట్ అంటారు.

దీనికీ గ్రామఫోను రికార్డుకూ తేడా ఉంది. రికార్డు అంటే జరిగిపోయిన లావాదేవీ. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటను రికార్డు చేశాడు. ఆ పాట ఇంకోలా మారదు. ప్రీసెట్ మాత్రం ఖాళీ ఫారం లాంటిది. గడులు సిద్ధంగా ఉంటాయి, నింపేది వాయించేవాడు. "బటన్ నొక్కితే పాట వస్తుంది" అనేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తున్నారు. ప్రీసెట్‌లో పాట లేదు. ఒక వాద్యం తయారీ విధానం ఉంది, అంతే.

కంప్యూటర్ కంటే పాతది

ముందే సిద్ధం చేసిన ధ్వనిని ఒక్క మీటతో పిలవడం కంప్యూటర్ కనిపెట్టిన విద్య కాదు. చర్చిల్లోని పైప్ ఆర్గన్‌లో ఒక్కో గొట్టాల వరుసకూ ఒక గుండీ ఉంటుంది. ఏ గుండీలు లాగితే ఆ వరుసలు కలిసి పలుకుతాయి. వాయిస్తూ వాయిస్తూ పది గుండీలు మార్చాలంటే చేతులు చాలవు. 1851లో లండన్ మహా ప్రదర్శన కోసం చేసిన ఆర్గన్‌లో హెన్రీ విల్లిస్ అనే తయారీదారు మెట్ల వరుసల మధ్య బొటనవేలితో నొక్కే చిన్న మీటలు అమర్చాడు. ఒక మీట నొక్కితే ముందే అనుకున్న గుండీలన్నీ ఒకేసారి మారతాయి. ఇది ప్రీసెట్ కాక మరేమిటి? అదే విల్లిస్ కంపెనీ చేసిన ఆర్గన్ కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఉంది. దానికి ఆత్మ లేదని ఏ బిషప్పూ ఫిర్యాదు చేసినట్టు లేదు!

ఇక హార్మోనియం. 1840ల తొలినాళ్లలో ప్యారిస్‌లో అలెగ్జాండర్ డెబాన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. కాళ్లతో తొక్కుతూ, కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో వాయించే పెద్ద బల్ల అది. మిషనరీలతోపాటు మన దేశానికి వచ్చింది. చాప మీద కూర్చుని పాడే మనవాళ్లకు అది కుదరలేదు. కలకత్తాలో 1875లో ద్వారకానాథ్ ఘోష్ స్థాపించిన ద్వార్కిన్ అండ్ సన్ కంపెనీ దాన్ని మన అవసరానికి మార్చింది. తొక్కుడు తీసేసి, వెనక వైపు చేత్తో ఊదే తిత్తి పెట్టింది. ఒక చెయ్యి తిత్తికి, ఒక చెయ్యి మెట్లకు. పాశ్చాత్య సంగీతంలో రెండో చెయ్యి తప్పనిసరి. మనది ఒకే వరుస స్వరాల సంగీతం కాబట్టి ఒక చెయ్యి చాలు. సమస్యను సరిగ్గా అర్థం చేసుకుని చేసిన మార్పు ఇది.

ఆ పెట్టె ముందు వైపు లాగే గుండీలు చూసే ఉంటారు. కొన్ని గాలిని ఏ రీడ్ల వరుసకు పంపాలో నిర్ణయిస్తాయి. మంద్రం గొంతా, మధ్యమం గొంతా, రెండూ కలిపా అన్నది వాటి చేతిలో ఉంటుంది. మరికొన్ని లాగితే ఒక స్వరం నిరంతరంగా శ్రుతి పలుకుతుంది. తర్వాత కలకత్తా తయారీదారులు పేరు తెచ్చుకున్న 'స్కేల్ చేంజర్' రకంలో మెట్ల వరుస మొత్తం పక్కకు జరుగుతుంది. గాయకుడి శ్రుతి మారినా వాయించేవాడు వేళ్లు మార్చనక్కరలేదు. లాల్ బజార్ దగ్గర రవీంద్ర సరణి మీద వాద్యాల దుకాణాల వరుసలో నిలబడితే, కొయ్యతో ఇత్తడితో చేసిన ప్రీసెట్లనే మనం చూస్తున్నాం.

ఈ పెట్టె తెలుగు నాటకాన్ని ఎక్కడికి తీసుకుపోయిందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. పద్య నాటకంలో హార్మనిస్టు లేకపోతే తెర లేవదు. మైకులు లేని రోజుల్లో ఆఖరి వరుసలో నేల మీద కూర్చున్నవాడి దాకా శ్రుతి వినిపించిన వాద్యం అది.

ముప్పై ఒక్క ఏళ్ల నిషేధం

అలాంటి వాద్యాన్ని 1940 మార్చి 1న ఆలిండియా రేడియో నిషేధించింది. కేసు ఎలా నడిచిందో చూడండి.

బ్రిటిష్ స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగానికి అధిపతిగా పనిచేశాడు. హార్మోనియం భారతీయ సంగీతానికి చేటు అని 1938లో రేడియో పత్రికలో గట్టిగా రాశాడు. 1939లో కలకత్తా స్టేషన్‌కు బదిలీ అయి వచ్చిన కొద్ది రోజులకే, ఏప్రిల్‌లో, కలరాతో ఇక్కడే చనిపోయాడు. రవీంద్రనాథ్ ఠాగూర్‌కు కూడా పాటకు తోడుగా హార్మోనియం నచ్చదు. 1940 జనవరిలో ఆయన కలకత్తా రేడియో స్టేషన్‌కు ఆ మేరకు లేఖ రాశాడు. అప్పటి రేడియో కంట్రోలర్ లయొనెల్ ఫీల్డెన్ నిషేధం విధించాడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అది పోలేదు. 1971లో పాక్షికంగా ఎత్తివేశారు.

వింత గమనించారా? హార్మోనియం 'విదేశీ వాద్యం' కాబట్టి భారతీయతకు హాని అని వాదన. ఆ వాదనను మొదట రేడియోలో మోసినవాడు ఒక ఆంగ్లేయుడు. ఉత్తర్వు ఇచ్చినవాడు మరో ఆంగ్లేయుడు. నిషేధానికి గురైన పెట్టె మాత్రం కలకత్తా వడ్రంగులు చేసిన రకం!

ఆరోపణల ఆడిట్

ఆరోపణలను విడివిడిగా చూద్దాం. ప్రధానంగా నాలుగు ఉన్నాయి.

మొదటిది: విదేశీ వాద్యం. ఇది నిలవదు. వయొలిన్ కూడా విదేశీయే. కర్ణాటక సంగీతం దాన్ని 19వ శతాబ్దంలోనే తనలో కలుపుకుంది. వయొలిన్ లేని కచేరీ ఈనాడు అరుదు. ఒకదానికి పాస్‌పోర్టు అడిగి ఇంకోదాన్ని అడక్కపోవడం న్యాయం కాదు.

రెండోది: గమకం, మీండ్ పలకవు. ఇది నిజం. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జారడానికి హార్మోనియంలో దారి లేదు. వేగంగా వాయించి భ్రమ కల్పించవచ్చు గానీ జారుడు రాదు. వయొలిన్‌కు వీసా దొరికి హార్మోనియంకు దొరక్కపోవడానికి అసలు కారణం ఇదే. అయితే ఆ కారణం చేతే నిషేధించాలంటే జలతరంగాన్నీ నిషేధించాలి.

మూడోది: శ్రుతి తప్పు. ఇదీ చాలావరకు నిజమే. దీన్ని కొలవచ్చు. షడ్జం సెకనుకు 240 కంపనాలు అనుకోండి. చెవికి పూర్తిగా కలిసిపోయే అంతర గాంధారం దానికి 5/4 వంతు, అంటే 300. సమాన దూరాల్లో 12 స్వరాలు పెట్టిన హార్మోనియంలో అదే గాంధారం సుమారు 302.4. తేడా రెండున్నర కంపనాలకు లోపే, పోనిద్దాం అనిపిస్తుంది. కానీ ప్రతి స్వరం తన రెట్టింపు, మూడింతలు, నాలుగింతల కంపనాలను కూడా మోసుకొస్తుంది. షడ్జంలో అయిదింతలు 1200. ఈ గాంధారంలో నాలుగింతలు దాదాపు 1209.5. రెండూ కలిసి మోగితే సెకనుకు తొమ్మిది పది సార్లు అలలా కొట్టుకుంటాయి. చెవికి వినిపించే గరుకు అదే. పంచమం దగ్గర ఈ బాధ లేదు. 360 ఉండాల్సిన చోట 359.6 ఉంటుంది. కాబట్టి "హార్మోనియం అపశ్రుతి" అనడం కాదు, "ఫలానా స్వరం ఇంత తేడా" అనడం సరైన మాట.

దీన్ని సరిచేయడానికి ప్రయత్నాలూ జరిగాయి. 1910లలో దేవల్, క్లెమెంట్స్ అనేవాళ్లు 22 శ్రుతులు పలికే హార్మోనియం చేయించారు. 1916లో బరోడాలో జరిగిన అఖిల భారత సంగీత సభలో దాని మీద వాదోపవాదాలు జరిగాయి గానీ, అది పండితులను ఒప్పించలేదు. గాయకులు నిజంగా ఏ కంపనాల మీద నిలుస్తున్నారో 1963లో జైరజ్‌భాయ్, స్టోన్ అనే ఇద్దరు పరిశోధకులు రికార్డుల మీద కొలిచి చూశారు. ఒకే స్వరం కళాకారుణ్ణి బట్టి మారుతోందని తేలింది. అంటే 22 అనేది రాతిమీద చెక్కిన లెక్క కాదు. శాస్త్రం పేరుతో చెప్పినదాన్ని కూడా కొలిచే నమ్మాలి.

నాలుగోది: ఆత్మ లేదు. ఈ పద్దుకు వోచరు లేదు. కొట్టివేయక తప్పదు.

ఈ నాలుగో పద్దు ఎంత బోలుదో తెలియాలంటే మన కర్ణాటక కచేరీల్లోని శ్రుతి పెట్టెను చూడండి. అవే రీడ్లు, అదే తిత్తి. మెట్లు మాత్రం లేవు. హార్మోనియాన్ని దగ్గరకు రానివ్వని వేదిక శ్రుతి పెట్టెను గౌరవంగా పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత బెంగళూరు రాడెల్ వంటి కంపెనీల ఎలక్ట్రానిక్ తంబూరలు వచ్చాయి. ఈనాడు మొబైల్ ఫోనులో తంబూర పెట్టుకుని విద్వాంసులు పాడుతున్నారు. అది అచ్చమైన ప్రీసెట్. దానికి ఆత్మ ఎక్కడిదని ఎవరూ అడగరు. కాబట్టి అభ్యంతరం యంత్రం మీద కాదు. అలవాటు కానిదాని మీద.

యంత్రానికి జ్ఞాపకం వచ్చింది

ఇక ఎలక్ట్రానిక్ యుగానికి వద్దాం. 1935లో వచ్చిన హామండ్ ఆర్గన్‌లో ఎడమ చివర రంగులు తారుమారైన కొన్ని మెట్లు ఉండేవి. ఒక్కోటి ఒక సిద్ధ ధ్వని. 1960లలో మూగ్ సింథసైజర్ వచ్చినప్పుడు మాత్రం జ్ఞాపకం లేదు. తీగలు గుచ్చి ధ్వని తయారుచేసేవారు. ఏ తీగ ఎక్కడ గుచ్చామో కాగితం మీద బొమ్మ గీసుకోకపోతే మర్నాడు ఆ ధ్వని దొరకదు. తీగ గుచ్చడాన్ని 'ప్యాచ్' అనేవారు. ఈనాటికీ దాచిన ధ్వనిని ప్యాచ్ అనడం అక్కడి నుంచి వచ్చిందే.

1978లో అమెరికాలో డేవ్ స్మిత్ తయారుచేసిన ప్రాఫెట్-5 ఆ బాధ తీర్చింది. లోపల మైక్రోప్రాసెసర్ పెట్టి, 40 ధ్వనులు గుర్తుంచుకునేలా చేశాడు. 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనిపెట్టిన గణిత పద్ధతి దాని ప్రాణం. దాని 32 ధ్వనులకు పట్టే స్థలం 4,096 బైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసానికి కూడా ఆ స్థలం చాలదు! 1980లలో ప్రపంచమంతటా సినిమా పాటల్లో మోగిన గంటల పియానో ఆ పిడికెడు అంకెల్లోదే.

ఆ అంకెలు చెరిగిపోకుండా కాపాడేది రూపాయి బిళ్లంత బ్యాటరీ. బ్యాటరీ చచ్చిపోతే, వేరే చోట దాచుకోనివాడి పని గల్లంతు. ఆత్మ శాశ్వతం అంటారు గదా, ఇక్కడ శాశ్వతమైనది నకలు తీసిపెట్టుకున్న అంకె మాత్రమే.

జాబితా రాసేది ఎవరు?

ఆత్మ గురించిన గొడవలో అసలు ప్రశ్న మరుగున పడింది. దాచిన ధ్వనుల జాబితా ఎవరి చేతిలో ఉంది? తాళం ఎవరి దగ్గర ఉంది?

1983లో వేర్వేరు కంపెనీల వాద్యాలు మాట్లాడుకోవడానికి మిడి అనే ఉమ్మడి భాష వచ్చింది. డేవ్ స్మిత్, జపాన్ రోలాండ్ కంపెనీ స్థాపకుడు ఇకుతారో కకెహాషి దీనికి ముఖ్యులు. ఎవరైనా రుసుము లేకుండా వాడుకునేలా వదిలారు. గొప్ప పని. 1991లో దాని మీద ఒక ప్రామాణిక జాబితా వచ్చింది. 128 ధ్వనులు, ప్రతిదానికీ ఒక నంబరు. ఆ జాబితాలో మన దేశపు వాద్యాలు ఎన్నో లెక్కపెట్టాను. 105వ నంబరు సితార్, 112వ నంబరు షెహనాయి. అంతే. వీణ లేదు, సరోద్ లేదు, ఎస్రాజ్ లేదు, నాదస్వరం లేదు. డ్రమ్ముల పట్టికలో తబలా లేదు, మృదంగం లేదు. పియానోలు, వాటి దాయాదులు కలిపి ఎనిమిది ఉన్నాయి. ఇందులో కుట్ర ఏమీ లేదు. జాబితా రాసేవాడికి తెలిసినవి రాశాడు. మనం ఆ బల్ల దగ్గర కూర్చోలేదు.

తాళం సంగతికి కలకత్తాలోనే ఉదాహరణ ఉంది. రవీంద్ర సంగీతం మీద కాపీరైటు 2001 చివరిదాకా విశ్వభారతి చేతిలో ఉంది. 1960ల నుంచి విశ్వభారతి సంగీత మండలి దేబబ్రత బిశ్వాస్ రికార్డులకు అభ్యంతరాలు చెప్పింది. వాద్యాల మోత ఎక్కువైందన్నది వాటిలో ఒకటి. జనం నెత్తిన పెట్టుకున్న గాయకుడు చివరికి రికార్డింగులు మానుకున్నాడు. ఏ పాటకు ఏ వాద్యం తోడుండాలో ఒక కమిటీ తేల్చింది. రేడియో నిషేధం లాగే ఇదీ పవిత్రత పేరుతో జరిగిందే.

ఈనాడు కమిటీ స్థానంలో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. స్టైన్‌బర్గ్ 1996లో తెచ్చిన వీఎస్‌టీ పద్ధతిలో లక్షల ప్రీసెట్లు తయారయ్యాయి. 2018లో ఆ కంపెనీ పాత వీఎస్‌టీ2కు కొత్త లైసెన్సులు ఇవ్వడం ఆపేసింది. 2019లో ఆపిల్ తన కంప్యూటర్లలో 32 బిట్ల ప్రోగ్రాములను నడవనివ్వడం మానేసింది. దాంతో ఎందరో కళాకారుల పాత ఫైళ్లు డిస్కులో భద్రంగానే ఉన్నా, తెరిచే తాళంచెవి లేదు. స్టోరులో సరుకుంది, బిన్ కార్డు చదివేవాడు లేడు అన్నట్టు!

చేయవలసినది

మా అపార్టుమెంటులో సంగీతం చేసే కుర్రాళ్లున్నారు. వాళ్లు అడిగితే అకౌంటెంటుగా నేను చెప్పేవి నాలుగే.

ఒకటి, పేరు పెట్టేటప్పుడు అర్థం ఉండేలా పెట్టండి. 'కొత్తది-ఫైనల్-2' అన్నది పేరు కాదు. వాద్యం, పాట, తేదీ, సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఉండాలి.

రెండు, ప్రీసెట్ వేరు, అది వాడుకునే అసలు శబ్దాల ఫైళ్లు వేరు. శాంపిల్ వాద్యాల్లో ప్రీసెట్ ఫైలు తరచుగా చిరునామా మాత్రమే. ఇల్లు ఖాళీ అయ్యాక చిరునామా ఎందుకు? రెండూ కలిపి దాచండి.

మూడు, పాట పూర్తయ్యాక ఒక్కో వాద్యాన్ని విడిగా మామూలు ఆడియో ఫైలుగా కూడా తీసిపెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ చచ్చిపోయినా ధ్వని మిగులుతుంది. ఒక నకలు ఇంకో ఇంట్లో ఉంచండి.

నాలుగు, వీలైన చోట ఎవరైనా చదవగలిగే పద్ధతిలో దాచండి. దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. స్కాలా అనే ప్రోగ్రాము ఫైలు ఉత్త టెక్స్టు. అందులో గాంధారానికి ఎదురుగా 5/4 అని రాస్తే చాలు. సర్జ్ వంటి ఉచిత, బహిరంగ సాఫ్ట్‌వేర్ వాద్యం దాన్ని చదివి, గాంధారాన్ని సరిగ్గా 300 కంపనాల దగ్గర పలుకుతుంది. మీ గురువుగారి గాంధారం ఇంకాస్త కిందికి ఉంటే ఆ అంకె మార్చుకోండి. దేవల్, క్లెమెంట్స్ అంత ఖర్చుపెట్టి కొయ్యలో సాధించబోయినదాన్ని, ఈనాడు పదో తరగతి పిల్లవాడు పన్నెండు వరుసలు టైపు చేసి సాధించగలడు.

ఇక్కడే నా వాదన సారం ఉంది. హార్మోనియం మీద వచ్చిన ఆరోపణల్లో కొలవగలిగినది ఏదో, దానికి కాలక్రమంలో మందు దొరికింది. కొలవలేని ఆరోపణ నిషేధాన్ని మాత్రమే ఇచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ల పాటు ఆలిండియా రేడియో వేదిక ఆ వాద్యానికి మూసుకుపోయింది. రేడియో చెవిన పడకుండా ఎంత మంచి వాదన గాలిలో కలిసిపోయిందో ఎవరు లెక్క కడతారు?

కాబట్టి ఎవరైనా ప్రీసెట్‌కు ఆత్మ లేదంటే గొడవ పడకండి. "ఏ స్వరం, ఎంత తేడా?" అని మాత్రం అడగండి. జవాబు ఉంటే సరిచేద్దాం. లేకపోతే వాయించేవాణ్ణి వాయించనిద్దాం.